మొదటి రౌండ్లకే వెళ్లండి: విశాఖ మహిళల టెన్నిస్ టోర్నీ సమీక్ష

ఈ శీతాకాలంలో విశాఖపట్నంలో, బీచ్ రోడ్డు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఒక క్లబ్బు కోర్టుల్లో వారం పాటు అంతర్జాతీయ మహిళల టెన్నిస్ టోర్నీ జరిగిందన్న సంగతి నగరంలో చాలామందికి తెలియనే తెలియదు. ప్రవేశ రుసుము లేదు, టికెట్టు లేదు, గేటు దగ్గర ఆపి అడిగేవారూ లేరు. అయినా తొలి రోజుల్లో మెట్ల మీద కూర్చున్నవారిలో ఎక్కువమంది క్రీడాకారిణుల బంధువులో, తమ మ్యాచ్ కోసం ఎదురుచూస్తున్న ఇతర క్రీడాకారిణులో అయి ఉన్నారు. ఆట విషయంలో ఈ టోర్నీకి నిస్సంకోచంగా మంచి మార్కులు వేయవచ్చు; ప్రేక్షకులను చూసుకున్న తీరుకు మాత్రం వేయడం కష్టం.

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య మహిళల పోటీలను 15, 35, 50, 75, 100 అనే అంచెలుగా విభజించింది. ఆ అంకె విజేతకు దక్కే ర్యాంకింగ్ పాయింట్లను తెలుపుతుంది. ఇక్కడ జరిగినది కింది నుంచి రెండో అంచె. ఈ అంచెలో మొత్తం బహుమతి సొమ్ము 30 వేల డాలర్లు. దానిని సింగిల్స్ మెయిన్ డ్రా (అర్హత పోటీల తరువాత జరిగే అసలు పోటీ)లోని 32 మందీ, డబుల్స్‌లోని 16 జంటలూ పంచుకోవాలి కాబట్టి, మొదటి రౌండ్లోనే ఓడిన అమ్మాయికి వచ్చేది విమాన టికెట్టుకు, హోటల్ గదికి కూడా చాలదు. అందువల్ల ఇక్కడ అందరి కన్నూ పాయింట్ల మీదే ఉంటుంది. మొదటి రౌండ్లో ఓడితే సున్నా, గెలిస్తే 4, క్వార్టర్ ఫైనల్ చేరితే 8, సెమీ ఫైనల్ చేరితే 14. ప్రపంచ ర్యాంకింగ్ జాబితాలో పేరు చేరాలంటే కనీసం మూడు టోర్నీల్లో పాయింట్లు సంపాదించాలి, లేదా మొత్తం మీద 10 పాయింట్లైనా ఉండాలి. ఈ లెక్క తెలిసి చూసినవారికి, ఎవరూ పట్టించుకోని ఒక పనిదినం మధ్యాహ్నం, ఖాళీ మెట్ల ముందు, వరుసగా రెండు సర్వీసులు తప్పి పాయింటు పోగొట్టుకునే ఒక్క డబుల్ ఫాల్ట్‌కు ఓ పదిహేడేళ్ల అమ్మాయి ఎందుకంతగా కుంగిపోతుందో వేరే ఎవరూ వివరించనక్కరలేదు.

అటువంటి మ్యాచ్ ఒకటి నన్ను చివరిదాకా కదలనివ్వలేదు. ఒకవైపు, ర్యాంకింగ్‌తో పని లేకుండా నిర్వాహకులు ఇచ్చే వైల్డ్ కార్డుతో మెయిన్ డ్రాలోకి వచ్చిన తెలుగమ్మాయి, మరోవైపు ఇటువంటి టోర్నీల్లోనే ఏళ్లుగా ఊరూరా తిరుగుతున్న విదేశీ క్రీడాకారిణి. గాలి లేనంతసేపు మన అమ్మాయి ఫోర్‌హ్యాండ్‌కు ఎదురు లేకపోయింది. మొదటి సెట్టు చకచకా ఆమె వశమైంది. ఈలోగా సముద్రం వైపు నుంచి గాలి మొదలైంది. సర్వీసు కోసం ఎగరేసిన బంతి ఒక చివర నుంచి ఆడేటప్పుడు తల వెనక్కి, మరో చివర నుంచి ఆడేటప్పుడు చేతికి అందనంత ముందుకు జరగసాగింది. అనుభవం ఉన్న క్రీడాకారిణి వెంటనే టాస్ ఎత్తు తగ్గించుకుంది. గాలికి ఎదురుగా నిలబడినప్పుడు బంతిని బలంగా, లోతుగా కొట్టింది. గాలి వీపు వెనక నుంచి వీచినప్పుడు, బంతిని తిప్పి త్వరగా కిందికి దించే టాప్‌స్పిన్ పెంచి, బంతి కోర్టు చివరి గీత అయిన బేస్‌లైన్ దాటకుండా చూసుకుంది. తీరప్రాంతపు తేమకు బంతి మీది నూగు లేచి వేగం తగ్గడంతో, రెండు దెబ్బల్లో ముగియవలసిన పాయింట్లు పదేసి దెబ్బల దాకా సాగాయి. రెండో సెట్టు అలా చేజారింది.

మైదానం బయట నుంచి శిక్షణ సూచనలు ఇవ్వడాన్ని 2025 జనవరి నుంచి టెన్నిస్ నియమాలే అనుమతిస్తున్నాయి. ఆ వెసులుబాటు పెద్ద స్టేడియంలో ప్రేక్షకుడికి ఎంతవరకు వినిపిస్తుందో గాని, ఇక్కడ కంచె పక్కన కూర్చున్నవారికి ప్రతి మాటా వినిపించింది. “టాస్ కిందికి దించమ్మా, గాలితో పోట్లాడకు” అని తండ్రి ఒకసారి అన్నాడు. అమ్మాయి ఆ వైపు చూడలేదు గాని తరువాతి సర్వీసు నుంచే టాస్ దించింది. మూడో సెట్టు హోరాహోరీగా సాగి 7-5తో చేజారింది. ఆమె ఖాతాలో పడింది సున్నా. నా దృష్టిలో వారం మొత్తం మీద అత్యుత్తమమైన ఆట మాత్రం అదే.

ఈ అంచె పోటీలను చులకనగా చూడటం పొరపాటు. పోలెండ్‌కు చెందిన ఇగా స్వియాటెక్ గ్రాండ్‌స్లామ్ విజేత కాకముందు ఈ సమాఖ్య టోర్నీల్లోనే ఏడు సింగిల్స్ టైటిళ్లు గెలిచింది. కోయంబత్తూరుకు చెందిన, 2009లో పుట్టిన మాయా రాజేశ్వరన్ 2025లో ముంబయిలో జరిగిన ఇంకా పై స్థాయి టోర్నీలో అర్హత పోటీల (క్వాలిఫైయింగ్) నుంచి మొదలుపెట్టి సెమీ ఫైనల్ దాకా వెళ్లింది. హైదరాబాద్ క్రీడాకారిణి భమిడిపాటి శ్రీవల్లి రష్మిక అదే ఏడాది ఏప్రిల్‌లో పుణేలో జరిగిన, దేశాల మహిళా జట్లు తలపడే బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీల్లో తన సింగిల్స్ మ్యాచ్‌లన్నీ గెలిచి, భారత్ ప్లేఆఫ్స్‌కు చేరడంలో ముఖ్యపాత్ర వహించింది. 2005లో హైదరాబాద్‌లో సానియా మీర్జా మహిళల టెన్నిస్ సంఘం (డబ్ల్యూటీఏ) సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలైన రోజులు చాలామంది తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. రేపు పేరు తెచ్చుకోబోయేవారిని ముందుగా, అదీ నాలుగు గజాల దూరం నుంచి చూడాలనుకునే అభిమానికి ఇటువంటి టోర్నీకి మించిన చోటు లేదు.

ఇక నిర్వహణ. కోర్టుల తీరు, అంపైరింగ్, బంతులు అందించే పిల్లల క్రమశిక్షణ నిర్దుష్టంగా ఉన్నాయి. మ్యాచ్‌లు కూడా దాదాపు అనుకున్న వేళకే మొదలయ్యాయి. అంటే నిర్వాహకులకు చేతకాక కాదు, ప్రేక్షకుడు ఒకడు వస్తాడని వారు అనుకోలేదంతే. షామియానా ఆహ్వానితుల కుర్చీల వరకే వేశారు. మిగిలినవారికి సిమెంటు మెట్లు, ఎండ. మంచినీళ్ల క్యాన్లు క్రీడాకారిణుల గది దగ్గరే ఉన్నాయి. ఆ రోజు ఏ కోర్టులో ఎవరి మ్యాచ్ ఉందో తెలిపే కాగితం కార్యాలయం లోపలి గోడకు అతికించి ఉంది, బయట ఎక్కడా లేదు. అన్నిటికన్నా విచిత్రమైనది స్కోరు బోర్డు సంగతి. చైర్ అంపైర్ తన చేతిలోని పరికరం మీద నొక్కిన ప్రతి పాయింటూ క్షణాల్లో ప్రపంచమంతా చూడగలిగేలా ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది. కోర్టు మూలన నిలబెట్టిన బోర్డులోని అంకెలను తిప్పే మనిషి మాత్రం లేడు. మెట్ల మీద కూర్చుని, కళ్లెదుట జరుగుతున్న మ్యాచ్ స్కోరు కోసం అందరం ఫోన్లు తీశాం.

విశాఖవాసులకు మహిళల క్రీడలంటే ఆసక్తి లేదన్న సాకు చెల్లదు. 2025 అక్టోబరు 12న మధురవాడ స్టేడియంలో భారత మహిళలు 330 పరుగులు చేసినా ఆస్ట్రేలియా ఛేదించిన ప్రపంచ కప్ మ్యాచ్ గురించి ఈ ఊళ్లో ఇప్పటికీ మాట్లాడుకుంటున్నారు. పాఠశాలలకు ఒక ఉత్తరం, ప్రధాన కూడళ్లలో నాలుగు పోస్టర్లు, గేటు దగ్గర తెలుగులో రాసిన ఒక బోర్డు ఉంటే ఆ మెట్లు నిండేవని నా నమ్మకం.

ఫైనల్ రోజున మెట్లు నిండాయి, కాని ఆట కోసం వచ్చినవారి కన్నా వేదిక కోసం వచ్చినవారే ఎక్కువ. ముఖ్య అతిథి ఆలస్యం, శాలువాలు, ప్రసంగాలు ముగిసేసరికి గెలిచిన అమ్మాయి చెమట ఆరిపోయింది. సింగిల్స్ ఫైనల్ ఏకపక్షంగా ముగియడం ఎవరి తప్పూ కాదు గాని, అంతకు ముందు జరిగిన డబుల్స్ ఫైనల్ ఎంతో రసవత్తరంగా ఉంది. ఈ అంచె డబుల్స్‌లో డ్యూస్ (40-40) వద్ద ఒకే పాయింటుతో గేమ్ తేలిపోతుంది, మూడో సెట్టుకు బదులు 10 పాయింట్ల టైబ్రేక్ ఆడతారు. కాబట్టి టెన్నిస్ కొత్తగా చూసేవారికి విసుగు కలిగే అవకాశమే లేదు.

మళ్లీ ఇటువంటి పోటీ వస్తే, సెలవు పెట్టుకునే వీలున్నవారు ఆదివారం ఫైనల్‌ను వదిలి, మెయిన్ డ్రా మొదలయ్యే రోజునే వెళ్లడం మేలు. అప్పుడు కోర్టులన్నింటిలోనూ ఏకకాలంలో ఆట నడుస్తుంది, నచ్చిన కంచె పక్కకు మారుతూ చూడవచ్చు. గొడుగు అడ్డమవుతుంది కాబట్టి టోపీ పెట్టుకోవాలి, నీళ్లసీసా వెంట తీసుకెళ్లాలి. క్లబ్బు ముందు కార్లు నిలిపే చోటు తక్కువ, ఆటోలో వెళ్లడమే సుఖం. ఆకలికి లోపల టీ, బిస్కెట్లు తప్ప ఏమీ దొరకవు. సాయంత్రం బీచ్‌లో ముంత మసాలా ఎలాగూ ఉంటుంది. టెన్నిస్ నేర్చుకుంటున్న పిల్లలుంటే మాత్రం ఒక పూట బడి మాన్పించి అయినా తీసుకెళ్లవచ్చు, వాళ్లను కూర్చోబెట్టవలసినది నెట్టు పక్కన కాదు, బేస్‌లైన్ వెనక. బంతి ఎంత ఎత్తుగా, ఎంత తిరుగుతూ వస్తుందో అక్కడి నుంచే తెలుస్తుంది.