సంక్రాంతి రోజుల్లో నంది కొండల కింద వైనరీలు: నెల్లూరు నుంచి వెళ్లాలనుకునేవాళ్లకి

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో బెంగళూరు దగ్గరి నంది కొండల కిందకి వైనరీ, అంటే ద్రాక్షతో వైన్ చేసే చోటు, చూడ్డానికి వెళ్లాలనుకునేవాళ్లకి ముందుగా ఒక్క మాట. ద్రాక్ష కోతలప్పుడు, అంటే ఫిబ్రవరి మార్చిల్లో వెళ్లమని అందరూ చెప్తారు. నా మాట వింటే సంక్రాంతికి అటూ ఇటూగా వెళ్లండి, అదీ ఒక చిన్న వైనరీకి. పోయినేడాది వైన్లని రుచి చూసి, ఏది ఎంత పాళ్లలో కలపాలో తేల్చే పని అక్కడ ఆ రోజుల్లోనే నడుస్తుంటుంది, ఎందుకంటే కొత్త పంట దిగేలోపు ట్యాంకులు ఖాళీ కావాలి. మనకి కూడా డిసెంబర్ దాకా వాయుగుండాలు, ముసుర్లు ఎలాగూ తప్పవు కాబట్టి జనవరే తేలిక.

నేనూ మా ఆవిడా, కావలి నుంచి మా అక్కా బావా, డ్రైవర్‌ని పెట్టుకుని కారులో వెళ్లాం. డ్రైవర్ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడకండి, రుచి చూడ్డానికే వెళ్తున్నప్పుడు మనలో ఎవరో ఒకరు స్టీరింగ్ పట్టుకుంటారులే అనుకోవడం ప్రమాదం. నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి, పీలేరు, మదనపల్లె మీదుగా వెళ్లి, చింతామణి దాటితే చిక్కబళ్లాపురం వచ్చేస్తుంది. ఒంగోలు వాళ్లకి అంత దూరం కారు కష్టమనిపిస్తే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది, ఒంగోలు, నెల్లూరు రెండు చోట్లా ఆగి బెంగళూరు వెళ్తుంది, అక్కణ్ణుంచి ట్యాక్సీ మాట్లాడుకోవచ్చు.

మొదటి రాత్రి హార్సిలీ కొండ మీద ఆగాం. నాలుగు వేల అడుగుల ఎత్తు కదా, జనవరిలో స్వెట్టర్ లేకుండా బయట నిలబడలేం. టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ కొండ పైనే ఉంది, హంగులేమీ ఉండవు కానీ పెద్దవాళ్లని తీసుకెళ్తే ప్రయాణం సగానికి కోసుకున్నట్టవుతుంది. ఇక నంది కొండ మీద సూర్యోదయం అంటారా, శని ఆదివారాల్లో మాత్రం వద్దు, తెల్లవారకముందే గేటు దగ్గర బెంగళూరు కార్లు బారులు తీరుతాయి. కింద నంది ఊళ్లో భోగనందీశ్వరాలయానికి వెళ్లండి. వెయ్యేళ్లు దాటిన గుడి, పెద్ద మెట్ల కోనేరు, తీరిగ్గా కూర్చోవచ్చు.

పెద్ద వైనరీ చూడాలంటే దొడ్డబళ్లాపుర వైపు గ్రోవర్ వాళ్లది ఉంది. 1988లో కన్వల్ గ్రోవర్ మొదలుపెట్టింది, 2012లో జంపా అనే ఇంకో వైన్ కంపెనీతో కలిసింది. వాళ్ల లా రిజర్వ్ అనే ఎర్ర వైన్ కూడా కాబెర్నే సోవిన్యోన్, షిరాజ్ అనే రెండు ద్రాక్ష రకాలు కలిపి చేసిందే. వైన్ మొదటిసారి చూసేవాళ్లకి అక్కడి టూర్ బాగుంటుంది, అన్నీ ఒక వరుసలో చూపిస్తారు. నాసిక్ అయితే ఇంకా పెద్ద లోకం, 1999లో పెట్టిన సులా దగ్గర్నుంచి బోలెడు వైనరీలు, ఉండటానికి గదులు, రెస్టారెంట్లు అన్నీ ఉన్నాయి. కాకపోతే మనకి దూరాభారం.

నేను చెప్పాలనుకున్నది మాత్రం మేము వెళ్లిన చిన్న వైనరీ గురించి. పేరు రాయొద్దన్నారు, జనం ఎక్కువైతే చూసుకోడానికి మనుషుల్లేరట. ఒక రేకుల షెడ్డు, కొన్ని స్టీలు ట్యాంకులు, లోపల చల్లటి గదిలో ఓక్ చెక్క పీపాలు, వెనక ద్రాక్ష తోట, అంతే. వైన్ చేసేది ఒకావిడ, ఆవిడకి సాయం చింతామణి వైపు కుర్రాడు. మనలాగే తెలుగు మాట్లాడతాడు, ఆ చుట్టుపక్కల సగం మందిది తెలుగే కాబట్టి భాషకి ఇబ్బందే లేదు. తోటలో గుత్తులు అప్పటికింకా పచ్చగా ఉన్నాయి, ఎర్ర రకాల్లో అక్కడక్కడా కాయ రంగు తిరుగుతోంది. చలి దేశాల్లో తీగ శీతాకాలమంతా నిద్రపోతుంది కాబట్టి ఏడాదికి ఒక్క కత్తిరింపు చాలు. ఇక్కడ దానికి నిద్ర లేదు, అందుకని ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబర్ అక్టోబర్లలో ఇంకోసారి కత్తిరిస్తారు. రెండో కత్తిరింపు మీద వచ్చేదే ఈ పంట.

ఆ రోజు బల్ల మీద మూడు సీసాలున్నాయి, లేబుళ్లు లేవు, మార్కర్‌తో నంబర్లు రాసున్నాయి. ఒకటి పీపాలో ఉన్న కాబెర్నే, ఒకటి ట్యాంకులోని షిరాజ్, మూడోది కొద్దిగా, పులిసిన తొక్కుని గట్టిగా పిండి తీసిన వైన్. పక్కన 100 మిల్లీలీటర్ల కొలత గొట్టం, కొంచెం కొంచెంగా కొలిచి వేసే సన్నటి పిప్పెట్టు, నీళ్లు, బ్రెడ్డు ముక్కలు, ఉమ్మడానికి చిన్న బకెట్టు. సెంటు కొట్టుకుని రావద్దని ముందురోజే ఫోన్‌లో చెప్పారు. అక్క తలలో పూలు చూసి కుర్రాడు మొహమాటపడుతూనే "అక్కా, అవి కాసేపు బయట పెడతారా, వాసన కలిసిపోతుంది" అన్నాడు. బావతో అయితే ఇంకో మాట అన్నాడు: "మింగొద్దు సార్, నోట్లో తిప్పి ఉమ్మేయండి. మింగుతా పోతే మూడో గ్లాసుకే నాలిక మొద్దుబారిపోతుంది."

విడివిడిగా తాగితే కాబెర్నే నిటారుగా, కొంచెం ముక్కుసూటిగా ఉంది, వగరు చిగుళ్లకి పడుతుంది. షిరాజ్ మెత్తగా, మిరియాల వాసనతో, నోరంతా నిండి, కానీ గుటక దగ్గరికొచ్చేసరికి ఖాళీ. పిండి తీసినదైతే నేరేడుపండు తిన్నాక నాలిక గరుకెక్కినట్టే, వట్టిది తాగలేం. ఆవిడ 60 పాళ్లు కాబెర్నే, 40 షిరాజ్ కలిపి ఇచ్చారు, బాగుంది అన్నాం అందరం. తర్వాత 70, 30. ఇందాకటికంటే రుచి ఎక్కువసేపు నిలిచింది, కానీ మధ్యలో పలచన. అప్పుడు పిప్పెట్టుతో మూడో సీసాలోంచి 5 మిల్లీలీటర్లు, కేవలం ఐదంటే ఐదు, 95 మిల్లీలీటర్ల ఆ వైన్‌లో వేసి గొట్టం మూసి తిరగేసి కలిపారు. నాకైతే నమ్మబుద్ధి కాలేదు. తాగలేమనుకున్న ఆ వగరే లోపల వెన్నెముకలా నిలబడి, మిరియాల వాసన గుటక తర్వాత కూడా ఉండిపోయింది. మా ఆవిడ గ్లాసు దించకుండానే "ఇదే" అంది. వైన్ చేసే ఆవిడ నవ్వి పుస్తకంలో రాసుకున్నారు గానీ ఒప్పుకోలేదు, రేపు పొద్దున ఖాళీ కడుపుతో మళ్లీ చూస్తానన్నారు. నాలిక పొద్దున చెప్పే మాటకీ భోజనం వేళ చెప్పే మాటకీ తేడా ఉంటుందట.

ఎందుకు కలపాలి అని బావ అడిగాడు, ఒకే రకంగా అమ్మేస్తే పోదా అని. ఆవిడ చెప్పిన జవాబు ఇది: ఎండ ఎక్కువున్న మన ప్రాంతాల్లో ద్రాక్షలో తీపి తొందరగా ఎక్కుతుంది, పులుపు అంతే తొందరగా పడిపోతుంది. ముందు కోసిన మడిలో పులుపు, ఆలస్యంగా కోసిన మడిలో పండు రుచి ఉంటాయి, రెండూ ఒక్క ట్యాంకులో అడిగితే దొరకవు. పీపాలూ అంతే, 225 లీటర్లది, కొత్త చెక్కదైతే ఒకలా, పాతదైతే ఇంకోలా. పీపాలోంచి కొంచెం కొంచెం ఆవిరైపోతుంది కాబట్టి గాలి చేరకుండా పైనుంచి నింపుతూనే ఉండాలట. పచ్చి ఆపిల్‌లో ఉండే పులుపు, వైన్ పులియడం అయ్యాక, పాల పులుపుగా మారి మెత్తబడుతుందని, అందుకే ఆ మార్పు అయ్యేదాకా ఏ వైన్ మీదా ఓ మాట అనేయకూడదని చెప్పారు. కలిపాక కూడా వెంటనే సీసాల్లో పోయరు. కొన్ని వారాలు కుదురుకోనిచ్చి, చలవ పెట్టి, అడుగున పలుకులు పేరుకున్నాక వడగడతారు.

మధ్యాహ్నం భోజనానికి అక్క తెచ్చిన చేపల పులుసు తీశాం. ముందురోజు కావలిలో మామిడికాయ ముక్కలు వేసి కాచింది, రెండో రోజు పులుసు రుచి మన జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. ఎర్ర వైన్ దానితో అస్సలు పొసగలేదు, కారం ఇంకా మండి, వగరు చేదుగా తేలింది. అప్పుడు వైనరీ ఆవిడ చల్లటి షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ పోశారు, కొద్దిగా తీపి మిగిల్చింది. అది బ్రహ్మాండంగా కుదిరింది, పులుపుకి పులుపు ఎదురై, తీపి కారాన్ని సర్దింది. మన కారపు కూరలకి ఎర్ర వైన్ కొనేవాళ్లు ఒక్కసారి ఇది ప్రయత్నించండి.

ఇక బస. ఆ రాత్రి తోట పక్కనే ఒక హోమ్‌స్టేలో ఉన్నాం. గదులు చిన్నవి, కానీ దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, పొద్దున అయిదింటికే కట్టెల పొయ్యి మీద వేడినీళ్లు, రాత్రికి రాగి ముద్ద, నాటుకోడి పులుసు. అడిగితే పెరుగన్నం కూడా పెట్టారు. మర్నాడు మారిన రిసార్టుకి దీనికి రెండింతలు కట్టాం, నంది కొండ కనిపిస్తుందన్న ఆశతో. డబ్బులు ముందే తీసుకుని సాయంత్రం దాకా గది ఇవ్వలేదు, అర్ధరాత్రి దాటినా డీజే ఆపలేదు, పొద్దున్నేమో సోలార్ వేడెక్కలేదని చల్లనీళ్లు. ఫిర్యాదు చేస్తే రిసెప్షన్‌లో సారీ చెప్పేవాళ్లు కూడా లేరు. పుట్టినరోజు పార్టీకి వచ్చే గుంపులకి ఆ తరహా రిసార్టులు సరిపోతాయేమో, నాలిక శుభ్రంగా పెట్టుకుని పొద్దున్నే రుచి చూడ్డానికి వెళ్లేవాళ్లకి నిద్ర ముఖ్యం. హోమ్‌స్టేకే నా ఓటు.

సీసాలు తెచ్చుకునే ముందు రాష్ట్రం దాటించడానికి అప్పటికి ఉన్న ఎక్సైజ్ నిబంధనలు కనుక్కోండి, మేము తెచ్చుకోలేదు. ఇక్కడ షాపులో కొంటే ట్యూబ్‌లైట్ కిందో ఎండ తగిలేచోటో నిలబెట్టిన సీసా తీసుకోకండి, మన నెల్లూరు ఎండలకి అది ఎప్పుడో ఉడికిపోయి ఉంటుంది. ఇంట్లో ఫ్రిజ్ కింది అర చాలు.

పిల్లలతో వెళ్తే తోట చూపిస్తారు కానీ రుచి గదిలోకి 21 ఏళ్లు నిండినవాళ్లనే రానిస్తారు, ఆ సమయంలో ఎవరో ఒకరు బయట ఉండాల్సొస్తుంది. చిన్న వైనరీలకి చెప్పకుండా వెళ్లొద్దు, వారం ముందు ఫోన్ చేసి, బ్లెండింగ్ ట్రయల్స్, అంటే వైన్లు కలిపి చూసే పని, ఏ రోజు పెట్టుకున్నారు, ఒక పక్కన కూర్చుని చూడనిస్తారా అని అడగండి. మామూలు టేస్టింగ్ అని అడిగితే అమ్మకానికి పెట్టిన సీసాలే పోసి పంపిస్తారు. నలుగురికి మించి వెళ్లకండి, ఆ బల్ల చుట్టూ అంతకంటే చోటు ఉండదు.