సరస్సు నీటి పాఠానికి ఏది మేలు: సొంత కొలతలా, రోజువారీ సగటులా, పది నిమిషాల ముడి డేటానా?

సరస్సు నీటి నాణ్యతను విద్యార్థులకు నేర్పడానికి మూడు దారులున్నాయి. ఒడ్డుకు తీసుకెళ్లి వాళ్ల చేతే కొలిపించవచ్చు. ఏళ్ల తరబడి సెన్సర్లు నమోదు చేసిన డేటాను శుభ్రం చేసి, రోజుకో సగటుగా కుదించి ఇవ్వవచ్చు. లేదా సరస్సులో లంగరు వేసి తేల్చిన బోయ్ (పరికరాల తేలుడు బల్ల) మీది సెన్సర్లు పది నిమిషాలకోసారి పంపిన అంకెల్ని ఉన్నవి ఉన్నట్టే చేతికివ్వవచ్చు. రెండోది ఉపాధ్యాయుడికి అన్నిటికంటే తేలిక. అయినా మొదలుపెట్టాల్సింది మూడోదానితోనే, అదీ ఒక్క వారం డేటాతో. సగటులు ఆ తర్వాత రావాలి.

ఎందుకో కరిగిన ఆక్సిజన్‌ను చూస్తే తెలుస్తుంది. పగలు నాచు ఆక్సిజన్ విడుదల చేస్తుంది. రాత్రి నాచూ బాక్టీరియా చేపలూ అన్నీ దాన్ని వాడుకుంటాయి. అందుకే ఆక్సిజన్ తెల్లవారుజామున అట్టడుగుకు చేరి, సాయంత్రానికి గరిష్ఠానికి ఎగబాకుతుంది. నాచు దట్టంగా పెరిగిన సరస్సులో ఈ ఊగిసలాట చాలా పెద్దది. ఉదాహరణకు తెల్లవారుజామున లీటరుకు 3 మిల్లీగ్రాములు, సాయంత్రం 11 ఉందనుకుందాం. సగటు 7 దగ్గర తేలుతుంది. 25 డిగ్రీల నీరు గాలి నుంచి పట్టి ఉంచగలిగేది సుమారు 8.3 కాబట్టి, 7 అంటే సరస్సు బాగానే ఉందని విద్యార్థి రాసేస్తాడు. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచేది మాత్రం ఆ 3 దగ్గర. సగటు దాచేసింది ఆ సంగతినే.

సొంత కొలతలకూ ఇదే చిక్కు, ఇంకాస్త మొండిగా వస్తుంది. తరగతి ఒడ్డుకు చేరేది ఎప్పుడూ ఉదయం పది గంటల ప్రాంతంలోనే. వారానికోసారి వెళ్లినా ఏడాదికి 52 కొలతలు, అన్నీ ఆక్సిజన్ పైకెక్కుతున్న వేళవే. కనిష్ఠం ఒక్కసారీ చిక్కదు. పది నిమిషాల సెన్సర్ రోజుకు 144, ఏడాదికి 52,560 అంకెలిస్తుంది.

అలాగని ఒడ్డుకు వెళ్లడం మానేయకూడదు. 20 సెంటీమీటర్ల సెక్కీ డిస్క్‌ను (నీటి స్వచ్ఛత చూసే గుండ్రటి పళ్లేన్ని) తాడుతో దించుతూ అది కనుమరుగైన లోతు, పైకి లాగుతూ మళ్లీ కనిపించిన లోతు రాసుకుని సగటు తీస్తే నీటి స్వచ్ఛత కంటికి కట్టినట్టు అర్థమవుతుంది. వింక్లర్ పద్ధతిలో, అంటే రసాయనాలు కలిపి టైట్రేషన్ చేసి, ఆక్సిజన్ కొలవడం సెన్సర్‌ను పరీక్షించే మంచి అవకాశం కూడా. 200 మిల్లీలీటర్ల నమూనాకు 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్ వాడితే, ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్‌తో సమానం. సీసాలో గాలి బుడగ చిక్కితే విలువ పెరిగిపోతుంది. స్టార్చ్‌ను ద్రావణం లేత పసుపు రంగుకు వచ్చాకే వేయాలి, తొందరపడితే ముగింపు బిందువు సరిగా దొరకదు. పైగా మొత్తం ఫాస్ఫరస్ తెలియాలంటే నమూనా తెచ్చి ప్రయోగశాలలో ఆమ్లంతో జీర్ణం చేయాల్సిందే. నాచుకు మూలకారణాల్లో ముఖ్యమైనదాన్ని సాధారణ బోయ్ సెన్సర్లు కొలవవు.

ముడి డేటాలో గండాలు

ముడి డేటా విలువంతా దానిలోని లోపాల్లోనే ఉంది. వాటిని కనిపెట్టడమే అసలు పాఠం.

మొదట చూడాల్సింది గడియారం. ఫైలులో సమయం స్థానికమా, యూటీసీనా (ప్రపంచ ప్రామాణిక సమయమా)? పైపొర ఉష్ణోగ్రత గీత గీస్తే సాధారణంగా మధ్యాహ్నం రెండు నుంచి ఐదు మధ్య శిఖరం రావాలి. అది అర్ధరాత్రి వస్తోందంటే సమయం తప్పని అర్థం. సౌర వికిరణం కొలత కూడా ఉంటే ఇంకా సులువు: రాత్రి అది సున్నా కావాలి. ఈ పరీక్ష దాటకుండా ఆక్సిజన్ జోలికి వెళితే కిరణజన్య సంయోగక్రియ చీకట్లో జరుగుతున్నట్టు నివేదికలు వస్తాయి.

తర్వాత మైనస్ 9999. డేటా లేని చోట వేసే గుర్తు ఇది. సగటులోకి జారితే ఉష్ణోగ్రత మైనస్‌లోకి పోతుంది, అదైతే వెంటనే కనబడుతుంది. ఖాళీ గడిని సున్నాగా మార్చేయడం అంతకంటే ప్రమాదం, ఎందుకంటే అడుగు నీటిలో సున్నా ఆక్సిజన్ నిజంగానే ఉండవచ్చు.

పాచి పట్టిన సెన్సర్ నెమ్మదిగా దారి తప్పుతుంది. టర్బిడిటీ (నీటి మసకదనం) రోజురోజుకూ పెరుగుతూ పోయి ఒక్కసారిగా పడిపోతే, ఆ రోజు ఎవరో వచ్చి తుడిచారేమో నిర్వహణ చిట్టాలో చూడాలి. ఆక్సిజన్ సెన్సర్ ముఖం మీది పాచి తానే శ్వాసిస్తుంది గనుక రాత్రి విలువలు ఉన్నదానికంటే తక్కువగా వస్తాయి. విద్యుత్ వాహకత ఉన్నట్టుండి సున్నాకు దగ్గరైతే సెన్సర్ నీటి బయటకు వచ్చిందని అనుమానించాలి. గంటల తరబడి చివరి దశాంశం కూడా కదలకపోతే అది ఇరుక్కుపోయిందన్నమాట.

ఇక్కడ విద్యార్థులు చేసే పెద్ద తప్పు, ఎత్తుగా కనబడిన ప్రతిదాన్నీ చెరిపేయడం. నాచు విజృంభించిన మధ్యాహ్నం ఆక్సిజన్ సంతృప్త స్థాయిలో (నీరు గాలి నుంచి పట్టి ఉంచగలిగే దానిలో) 150 శాతం దాటవచ్చు, అది నిజమైన విలువే. కాబట్టి అంకెను తీసేయనివ్వకండి. పక్కన ఒక నిలువు వరుస పెట్టించి, అనుమానం ఎందుకో అందులో రాయించండి.

క్లోరోఫిల్ సెన్సర్‌ది మరో తిరకాసు. అది కొలిచేది క్లోరోఫిల్‌ను కాదు, దాని ప్రతిదీప్తిని, అంటే కాంతి పడినప్పుడు అది తిరిగి వెలువరించే వెలుగును. గట్టి ఎండలో నాచు ఆ కాంతిని అణచుకుంటుంది. మధ్యాహ్నం పైపొరలో గీత కిందికి దిగితే నాచు చచ్చిపోయిందని కాదు. రోజులను పోల్చేటప్పుడు రాత్రి విలువలే తీసుకోవాలి.

సగటులు ఎక్కడ గెలుస్తాయి

పదేళ్లలో సరస్సు వేడెక్కిందా అన్న ప్రశ్నకు ముడి డేటా సరైన సాధనం కాదు. పది నిమిషాల తేడాతో తీసిన రెండు కొలతలు దాదాపు ఒకటే. లక్షల బిందువుల్ని ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా లెక్కేస్తే, ఎంత చిన్న తేడా అయినా గణాంకపరంగా ఘనమైనదిగా కనబడుతుంది. ఇక్కడ రోజువారీ సగటు, ఆపై నెలవారీ సగటు కావాలి. 144లో కనీసం 108, అంటే నాలుగింట మూడు వంతులు ఉన్న రోజులనే లెక్కలోకి తీసుకోమనండి. ఆ మిగిలిన వంతు ఏ వేళదో కూడా చూడమనండి. సౌర ఫలకంతో నడిచే బోయ్ బ్యాటరీ చతికిలపడేది సాధారణంగా రాత్రి చివర్లో, ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే వేళలో. ఆ గంటలు పోతే సగటు అబద్ధంగా పెరుగుతుంది.

శీతాకాలంలో గడ్డకట్టే సరస్సుల్లో బోయ్‌ను ఒడ్డుకు తీసేస్తారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో దీర్ఘకాల సరస్సుల పరిశోధన 1981లో మొదలైంది. ఆ పరిశోధనలో ఉన్న మెండోటా సరస్సు బోయ్ డేటా ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అందులోనూ ఈ శీతాకాలపు ఖాళీలుంటాయి. ఒక ఏడు ఏప్రిల్‌లో, మరో ఏడు జూన్‌లో బోయ్ దించితే రెండో ఏటి వార్షిక ఉష్ణోగ్రత సగటు దానంతటదే పెరుగుతుంది. అందుకే ఏ ఏటికి ఆ ఏడు జూలై, ఆగస్టు నెలల్నే పోల్చాలి. సెన్సర్ మార్చిన తేదీ, లోతు మార్చిన తేదీ గ్రాఫ్ మీద నిలువు గీతలుగా గీయించాలి. మెట్టులా కనిపించే మార్పు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

నీటి పొరలు వేరుపడటం చూపించడానికీ రోజువారీ సగటు చాలు. కాకపోతే లోతులో మీటరుకు ఒక డిగ్రీ తేడా ఉంటే పొరలు వేరుపడినట్టే అనే బండగుర్తును గుడ్డిగా వాడొద్దు. 4 నుంచి 5 డిగ్రీలకు వెళితే ఘనమీటరు నీటి బరువు పది గ్రాములకు మించి తగ్గదు. 25 నుంచి 26కి వెళితే 250 గ్రాములకు పైగా తగ్గుతుంది. వెచ్చని సరస్సులో డిగ్రీలోపు తేడాతోనే పొరలు విడిపోగలవు, అందుకే ఉష్ణోగ్రతను సాంద్రతగా మార్చి చూడాలి.

వరుస ఇలా పెట్టుకుంటే బాగుంటుంది: ముడి డేటాతో రెండు తరగతులు, ఒడ్డున ఒక పూట, సగటులతో రెండు తరగతులు. సమయం ఒక్క తరగతికే ఉంటే ఆక్సిజన్ వారం ఒక్కటి చాలు.

వారం డేటా 1,008 వరుసలే కాబట్టి స్ప్రెడ్‌షీట్‌లో హాయిగా నడుస్తుంది. ఇరవై ఏళ్ల పది నిమిషాల డేటా లీపు రోజులతో కలిపి 10,51,920 వరుసలు. ఎక్సెల్ హద్దు 10,48,576. అంటే చివరి మూడు వారాలకు పైగా డేటా తెగిపోతుంది, వచ్చే హెచ్చరికను విద్యార్థి చదవకుండానే మూసేస్తాడు. అంత పొడవు డేటాకు ఆర్ లేదా పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ముందుగా రోజువారీ ఫైలు తయారుచేసి ఇవ్వండి. ఆ ఫైలులో సగటు పక్కనే రోజు కనిష్ఠం, గరిష్ఠం, లెక్కలోకి వచ్చిన కొలతల సంఖ్య అనే మూడు నిలువు వరుసలు తప్పకుండా ఉంచండి.