లిథియం మాత్రలు: పర్లాకిమిడిలో నా పదకొండు నెలల వాడకం

నా డిప్రెషన్‌కి పనిచేసింది మూడో మందు. మొదటి రెండూ పనిచేయనప్పుడు, ఇంకా వేరేవి ఉన్నాయని నాతో ఎవరూ అనలేదు. అందుకే రాస్తున్నాను.

మొదటిది ఎస్సిటాలోప్రామ్. రెండు నెలలు వేసుకున్నాను, మధ్యలో మోతాదు పెంచారు. నిద్ర కాస్త పట్టింది, అంతే. తర్వాత వెన్లాఫాక్సిన్, ఇంకో రెండు నెలలు. పొద్దున్నే పొయ్యి వెలిగించడానికి చెయ్యి లేచేది కాదు. పాపకి జడ అత్తయ్యే వేసేవారు. నేను లేకపోతే వీళ్లకి బరువు తగ్గుతుందన్న ఆలోచన రోజూ దీపాలవేళకి వచ్చి కూర్చునేది. అప్పట్లో చూపించుకుంటున్నచోట ఆ సంగతి చెప్పాను. దేవుడి మీద మనసు పెట్టమ్మా అని మళ్లీ అవే మాత్రలు రాశారు.

ఒక రాత్రి 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ల కోసం ఫోన్‌ సాయం, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, అర్ధరాత్రి అయినా పలుకుతారు. పుట్టి పెరిగింది ఒడిశాలోనే అయినా నా ఒడియా బజారుకి, పాప బడికి సరిపోతుంది. గుండెలో మాటకి చాలదు. తెలుగు మాట్లాడే అమ్మాయి దొరికింది. "చచ్చిపోవాలనిపిస్తోందా అక్కా?" అని సూటిగా అడిగింది. ఆ మాట ఇంకొకరి నోట వినగానే ఏడుపొచ్చింది, ఊపిరీ ఆడింది. ఇంట్లో ఎవరున్నారో అడిగి, వాళ్లని లేపమంది. ఆ రాత్రి అత్తయ్య నా మంచం పక్కనే చాప వేసుకున్నారు.

వారం తిరక్కుండా గుణుపురం రైలెక్కి విశాఖ వెళ్లాం. అక్కడి డాక్టరుగారు పాత చీటీలన్నీ వరసగా పెట్టించి చూశారు. సరైన మోతాదులో, సరిపడా రోజులు కనీసం రెండు మందులు వాడినా తగ్గకపోతే దాన్ని మొండి డిప్రెషన్ అంటారట. "మొండిదంటే నయం కానిదని కాదమ్మా, దారి మార్చాలని" అన్నారు. వాడుతున్న మందుకి లిథియం గానీ, అరిపిప్రజోల్, క్వెటియాపిన్ లాంటివి గానీ జోడించవచ్చట. కెటమిన్ అనే మందు కొందరికి గంటల్లోనే పనిచేస్తుంది, చావు ఆలోచనలు ముదిరినప్పుడు అందుకే దాన్ని చూస్తారు. కానీ ఆసుపత్రిలో బీపీ గమనిస్తూ ఇవ్వాలి, ఫలితం నిలవడానికి మళ్లీ మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. అదే జాతి ఎస్కెటమిన్ ముక్కు స్ప్రేకి అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. పీల్చాక కనీసం రెండు గంటలు అక్కడే కూర్చోబెడతారు. కరెంటు షాక్ వైద్యం పేరెత్తగానే అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు. మత్తు, కండరాలు సడలే మందు ఇవ్వకుండా అది చేయడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నిషేధమని, తిండీ నీళ్లూ మానేసిన మనిషిని బతికించుకోవడానికి దానంత గట్టిది లేదని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. మేమిద్దరం భయపడింది సినిమాల్లో చూసినదానికి.

నాకు వెన్లాఫాక్సిన్ మీద లిథియం కలిపారు. చావు ఆలోచనలు తగ్గిస్తుందని దీనికి పాత పేరుంది, ఈమధ్య జరిగిన పరీక్షల్లో కొన్ని ఆ మాట చెప్పలేదని కూడా దాచకుండా చెప్పారు. నా మటుకు మూడో వారంలో ఒక సాయంత్రం దీపం పెట్టి వంటింట్లోకి వెళ్లాక గుర్తొచ్చింది, ఆ ఆలోచన ఇవాళ రాలేదని.

ధర చూస్తే ఒక స్ట్రిప్పు రెండు ప్లేట్ల ఇడ్లీ అంత కూడా కాదు. కష్టమంతా దాన్ని కనిపెట్టుకుని ఉండటంలోనే. చాలకపోతే పనిచేయదు, కాస్త ఎక్కువైతే విషం. అందుకని రక్తంలో ఎంత ఉందో కొలుస్తూ ఉండాలి; రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి, పొద్దుటిది వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా తప్పవు. మా ఊళ్లో రక్తం తీసి బయటికి పంపుతారు, రిపోర్టుకి రెండు రోజులు.

దాహం విపరీతం. వేళ్లు సన్నగా వణుకుతాయి, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాను. నాలుగు కిలోలు పెరిగాను. ఎండాకాలం మాత్రం భయమే: చెమట పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే లిథియం పెరిగిపోతుంది. పక్కింటి పిన్నిగారు బీపీ రాకుండా ఉప్పు మానమన్నారు. డాక్టరుగారు హఠాత్తుగా మార్చొద్దన్నారు. మా ఇంట్లో పొఖాళలో, అంటే నీళ్లు పోసిన చద్దన్నంలో, ఉప్పు ఎప్పటిలాగే పడుతోంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఒళ్లునొప్పులకి ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ సొంతంగా మింగకూడదు. కొన్ని బీపీ మాత్రలతోనూ పడదు. గర్భం అనుకుంటున్నవాళ్లు ముందే చెప్పాలి. బాగుంది కదా అని సొంతంగా ఆపకూడదు.

డాక్టరుగారు మొదట్లో వారానికి సరిపడానే రాసేవారు. డబ్బా అత్తయ్య బీరువాలో ఉంటుంది, తాళం ఆవిడ కొంగుకి. మొదట్లో నామోషీగా ఉండేది. ఇప్పుడు రాత్రి తొమ్మిదికి ఆవిడ నీళ్లగ్లాసుతో వచ్చి "అమ్మాయ్, మాత్ర" అంటే ఆ పిలుపు కోసమే ఎదురుచూస్తాను.

మందులకొట్టు కుర్రాడికి ఒక్కటే మనవి: "అక్కా, ఎల్లుండి రా" అనకు బాబూ, రెండు స్ట్రిప్పులు ఎప్పుడూ ఉంచు. పోయిన నెల నీ దగ్గర లేక పాతపట్నం దాకా ఆటోలో వెళ్లాం.