విండోస్ 7 సిస్టమ్‌లో పాత క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లేదంటే లినక్స్ మింట్: ఏది మేలు?

విండోస్ 7 డెస్క్‌టాప్‌లు ఇప్పటికీ చాలా ఇళ్లలో, చిన్న షాపుల్లో నడుస్తూనే ఉన్నాయి. సిస్టమ్ బానే ఉంటుంది, కానీ ఒకరోజు ఏదో సైటు తెరవబోతే "యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అని వస్తుంది, ఇంకో సైటు బ్రౌజర్ అప్‌డేట్ చేసుకోమంటుంది, తీరా అప్‌డేట్ నొక్కితే ఈ విండోస్‌కి ఇక కొత్తవి రావంటుంది. పక్కనున్నవాళ్లు "అడ్వాన్స్‌డ్ నొక్కి ప్రొసీడ్ కొట్టెయ్, ఏం కాదు" అంటారు. బ్యాంకు సైటులో మాత్రం ఆ పని అస్సలు చెయ్యకండి, అవతల ఉన్నది నిజంగా మీ బ్యాంకేనని చెప్పే ఒకే ఒక్క ఆధారాన్ని మీ చేత్తో మీరే పక్కన పెట్టేసినట్టు అవుతుంది.

బ్రౌజర్‌ని తిట్టుకునే ముందు కింద కుడివైపు తేదీ చూడండి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అని బిళ్లలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది, అది అయిపోతే సిస్టమ్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, సైటు అసలుదేనని చెప్పే గుర్తింపు పత్రాలైన సర్టిఫికెట్లకు తేదీల గడువు ఉంటుంది, కాబట్టి ఆ పాత తేదీకి ఇప్పటివి ఒక్కటీ చెల్లవు. అది మారిస్తే సగం గొడవ అక్కడే తీరిపోవచ్చు.

తేదీ సరిగ్గానే ఉన్నా సైట్లు మొరాయిస్తుంటే అసలు కారణం వేరు. సైటుకీ బ్రౌజర్‌కీ మధ్య నడిచే సమాచారాన్ని టీఎల్‌ఎస్ అనే పద్ధతి కాపాడుతుంది. అందులో 1.0, 1.1 వెర్షన్లను పెద్ద బ్రౌజర్లన్నీ 2020లోనే పక్కన పెట్టడం మొదలుపెట్టాయి, ఆ పాతవి మాత్రమే తెలిసిన బ్రౌజర్‌కి కొత్త వెర్షన్లు అడిగే సైట్లు తెరుచుకోవు. దీనికితోడు, సైట్ల సర్టిఫికెట్లను నమ్మడానికి మూలంగా సిస్టమ్‌లో ముందే ఉండే రూట్ సర్టిఫికెట్లకు కూడా గడువు తీరిపోతుంటుంది. 2021 సెప్టెంబరు 30న సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ వాళ్లు వాడుతున్న పాత రూట్ గడువు ముగిసినప్పుడు, అప్‌డేట్లు లేని సిస్టమ్‌లలో నిన్నటిదాకా తెరుచుకున్న సైట్లు తెల్లారేసరికి ఆగిపోయాయి. ఫైర్‌ఫాక్స్ మాత్రం విండోస్ మీద ఆధారపడకుండా తన రూట్ల జాబితాను తానే వెంట తెచ్చుకుంటుంది కాబట్టి, దాన్ని అప్‌డేట్ చేసుకుంటూ వచ్చినవాళ్లకు ఆ తలనొప్పి తప్పింది.

ఇక పాత క్రోమ్ సంగతి. విండోస్ 7కి వచ్చిన ఆఖరి క్రోమ్ 109, అది 2023 జనవరి నాటిది. దాంతో ఇప్పటికీ చాలా సైట్లు తెరుచుకుంటాయి, నన్నడిగితే ప్రమాదం అక్కడే ఉంది. సైటు తెరుచుకుంటోంది కదా అని అంతా సవ్యంగా ఉందనుకుంటాం. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ అనే ఫార్మాట్ బొమ్మలను చూపించే లైబ్రరీలో (బ్రౌజర్ వాడుకునే ప్రోగ్రామ్ ముక్కలో) ఒక లోపం బయటపడింది, కావాలని తయారుచేసిన బొమ్మ ఒకటి పేజీలో లోడైతే చాలు, దాని ద్వారా సిస్టమ్‌లోకి చొరబడే వీలుండేది. మీరు ఏదీ నొక్కక్కర్లేదు, డౌన్‌లోడ్ చెయ్యక్కర్లేదు. అలాంటి లోపాలు ఆ తర్వాతా బయటపడుతూనే ఉన్నాయి, వాటికి 109లో మందు లేదు. వార్తలు చదువుకోవడానికి కూడా నేను దాన్ని వద్దనే అంటాను.

ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్ (ఎక్కువకాలం సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చే రకం) దీనికంటే చాలా నయం. 2023 జులైలో వచ్చిన ఈ వెర్షన్‌కి విండోస్ 7, 8, 8.1 వాళ్ల కోసం దాన్ని తయారుచేసే మొజిల్లా గడువు మీద గడువు పొడిగిస్తూ సెక్యూరిటీ అప్‌డేట్లను 2026లోకి తీసుకొచ్చింది. పైన చెప్పిన వెబ్‌పీ లోపాన్ని కూడా ఇందులో వెంటనే సరిచేశారు. అయితే ఫైర్‌ఫాక్స్ ఉంది కదా అని ఊరుకోకండి, హెల్ప్‌లో అబౌట్ తెరిచి వెర్షన్ చూడండి. 115.13 కంటే పాత ఈఎస్ఆర్ అయితే 2025 మార్చి 14న దాని రూట్ సర్టిఫికెట్ ఒకటి గడువు తీరింది, యాడ్-ఆన్లు పనిచెయ్యకపోవడం దాని వల్లే.

కానీ ఎంత మంచి బ్రౌజరైనా కిందున్న విండోస్‌ని బాగుచెయ్యలేదు. విండోస్ 7కి మామూలు సపోర్టు 2020 జనవరి 14నే ఆగిపోయింది. అందుకే ఫైర్‌ఫాక్స్‌ని నాలుగు రోజులు గడుపుకోవడానికే అనుకోండి, దాని మీద నెట్ బ్యాంకింగ్ వద్దు.

డబ్బుతో పనులుంటే నా ఓటు విండోస్ బదులు వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌కే. ఉచితం, 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయి. 22వ వెర్షన్‌కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి, ఫైర్‌ఫాక్స్ అందులోనే కొత్తది వస్తుంది, క్రోమ్ కావాలంటే వేసుకోవచ్చు. ప్రాసెసర్ మాత్రం 64 బిట్‌ది అయి ఉండాలి. పాత కోర్ టూ డ్యుయో ప్రాసెసర్ల మీద దీని ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి ఎడిషన్ విండోస్ 10 కంటే తేలిగ్గా నడుస్తుంది, ఎలాగూ విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు అయిపోయింది కాబట్టి ఇప్పుడు కొత్తగా దానికి మారడంలో అర్థం లేదు.

ఇబ్బందులు లేవని కాదు. మన నెట్ సెంటర్లలో ఎక్కడ చూసినా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్‌కి లినక్స్‌లో డ్రైవర్ పెట్టడం పెద్ద తలనొప్పి. ట్యాలీ, డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్‌తో పనిచేసేవాళ్లకు విండోస్ వదలడం కష్టం, వాళ్లు కొత్త సిస్టమ్‌కి డబ్బులు చూసుకోవడమే మంచిది. డీటీపీ చేసేవాళ్లు అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్ కోసం ఆ విండోస్ 7ని అలాగే ఉంచుకోండి, కాకపోతే నెట్ కేబుల్ పీకేసి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి, ఆ పెన్‌డ్రైవ్‌ని ముందు వేరే సిస్టమ్‌లో స్కాన్ చేసి మరీ పెట్టండి.

మింట్ మీకు సరిపడుతుందో లేదో ఇన్‌స్టాల్ చెయ్యకుండానే తెలుసుకోవచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి, పెన్‌డ్రైవ్‌ని బూట్ అయ్యేలా తయారుచేసే రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో మింట్‌ని అందులోకి ఎక్కించి, దాన్నుంచి సిస్టమ్ బూట్ చెయ్యండి. వైఫై దొరుకుతోందా, మీ బ్యాంకు సైటు తెరుచుకుంటోందా, ప్రింటర్ కదులుతోందా, తెలుగు అక్షరాలు సరిగ్గా కనిపిస్తున్నాయా అన్నీ చూసుకోండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేస్తే మీ విండోస్ 7 ఎక్కడిదక్కడే ఉంటుంది. నచ్చితే మాత్రం ఇన్‌స్టాల్ బటన్ నొక్కే ముందు ఫొటోలు, కాగితాల స్కాన్లు, ట్యాలీ డేటా అన్నీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కుని ఇంకో సిస్టమ్‌కి పెట్టి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.