కెన్యా ఎన్నికల కవరేజ్: 2007లో అలా, 2022లో ఇలా

2007 డిసెంబర్‌లో అధ్యక్షుడు కిబాకీయే మళ్లీ గెలిచాడని ప్రకటించిన సాయంత్రమే ప్రమాణస్వీకారం కూడా అయిపోయింది, ఆ వెంటనే లైవ్ ప్రసారాలు బంద్, ఇక జనానికి మిగిలింది ఎస్సెమ్మెస్ పుకార్లూ సొంత భాషల ఎఫ్ఎం రేడియోలూ, అవి నిప్పు రాజేశాయన్న గొడవ ఐసీసీ (అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు) దాకా వెళ్లింది (2016లో ఆ కేసు నిలబడలేదు లెండి). ఆ ఎన్నికల తర్వాతి అల్లర్లలో వెయ్యి మందికి పైగా పోయారు.

2022 వేరే కథ. 46 వేలకు పైగా పోలింగ్ స్టేషన్ల ఫారం 34ఏ (ఒక్కో స్టేషన్లో ఎవరికెన్ని ఓట్లో రాసే కాగితం) స్కాన్లు ఎన్నికల సంఘమే ఆన్‌లైన్లో పెట్టేస్తే టీవీ వాళ్లు కూర్చుని కూడుకున్నారు, కాకపోతే అధ్యక్ష పదవికి పోటీపడ్డ ఇద్దరిలో ఒక ఛానెల్లో రూటో ముందు, ఇంకోదాంట్లో ఒడింగా ముందు, చూసేవాడికి బుర్ర తిరిగిపోయింది. అయినా నాకు ఈ గందరగోళమే నయం, కాగితమైనా కళ్లముందు ఉంది కదా. ఎన్నికల సంఘంలోనే నలుగురు కమిషనర్లు ఫలితాన్ని ఒప్పుకునేది లేదన్నా పంచాయితీ సుప్రీంకోర్టులోనే తేలింది.