3టీ3 కణాలా, ఎలుక పిండం కణాలా?
బయటి జీన్ కణాన్ని క్యాన్సర్ వైపు తిప్పుతుందో లేదో చూడాలంటే దాన్ని దేంట్లో పెట్టాలి? ల్యాబ్‌లో ఏళ్లుగా పెంచుతూ వస్తున్న చిట్టెలుక కణాల రకం 3టీ3లోనా, ఎలుక పిండం నుంచి తాజాగా తీసిన కణాల్లోనా? ల్యాబ్‌లో కొత్తవాళ్లకు ఇదే టెన్షన్.

ఖర్చు, శ్రమ: చిట్టెలుక 3టీ3 కణాలైతే ఫ్రీజ్ చేసినవి తీసి పెంచుకోవడమే. పిండం కణాలకు మళ్లీ మళ్లీ జంతువులు, అనుమతులు కావాలి, పైగా కొన్ని విభజనలకే పెరగడం ఆపేస్తాయి.

ఫలితం: 3టీ3లో మ్యుటేషన్ (మార్పు) ఉన్న రాస్ అనే క్యాన్సర్ జీన్ ఒక్కటి చాలు, రెండు మూడు వారాల్లో కణాలు ఒకదానిపై ఒకటి ఎక్కి గుట్టలు కడతాయి, క్యాన్సర్ వైపు తిరిగాయనడానికి అదే గుర్తు.

రిస్క్: కానీ 3టీ3 కణాలు క్యాన్సర్ వైపు ముందే సగం దారి నడిచేసిన, చావులేని కణాలు. డిష్ నిండాక వదిలేస్తే ఏ జీన్ పెట్టకపోయినా గుట్టలు రావచ్చు, అందుకే ఖాళీ ప్లాస్మిడ్ (జీన్‌ను కణంలోకి మోసుకెళ్లే డీఎన్ఏ వలయం) పెట్టిన కణాలను పోల్చి చూడటానికి కంట్రోల్‌గా పెంచడం తప్పనిసరి. అదే పిండం కణాల్లో రాస్ ఒక్కటే సరిపోలేదని, మిక్ అనే మరో క్యాన్సర్ జీన్ తోడైతేనే మారాయని 1983లో క్యాన్సర్ పరిశోధకుడు రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం చూపించింది. నాకైతే ఇదే అసలు పాఠం.

చాలా జీన్లను జల్లెడ పట్టాలంటే 3టీ3. ఏ జీన్‌కు ఏది తోడు కావాలో తేల్చాలంటే, కష్టమైనా పిండం కణాలే.