జాగ్రత్త: సమ్మర్ సోల్‌స్టిస్ యోగా రిట్రీట్‌కి అడ్వాన్స్ కట్టే ముందు ఇవి అడగండి

జూన్ 21 దగ్గర (సమ్మర్ సోల్‌స్టిస్, అంటే వేసవి అయనాంతం, ఏడాదిలో పగలు అన్నిటికన్నా ఎక్కువగా ఉండే రోజు) పడుతోందంటే చాలు, "మహిళలకు మాత్రమే, 108 సూర్య నమస్కారాలు, సోల్‌స్టిస్ స్పెషల్" రిట్రీట్ల (యోగా శిబిరాల) పోస్టర్లు మొదలవుతాయి. డబ్బు పోతే పోయింది, భుజం పోతే వారాల తరబడి తేరుకోదు. కొత్తగా యోగా మొదలుపెట్టినవాళ్లు, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు ముఖ్యంగా చదవండి.

ముందు ఆ 108 సంగతి. 12 భంగిమల పద్ధతిలో 108 సార్లంటే 1296 భంగిమలు. ఒక్కో నమస్కారం 50 సెకన్లలో ముగించినా సరిగ్గా గంటన్నర. పైగా కొందరు కుడికాలితో ఒకటి, ఎడమకాలితో ఒకటి చేస్తేనే ఒక ఆవృత్తి అంటారు. ఆ లెక్కన 216. పోస్టర్ మీద ఏ లెక్కో రాయరు, అడిగి తెలుసుకోవాల్సిందే.

అలవాటు లేనివాళ్లకి దెబ్బ తగిలేది సగం కూడా కాకముందే. అలిసిపోయాక ఛాతీని కిందికి దించేటప్పుడు మోచేతులు పక్కలకి విచ్చుకుంటాయి, భుజాలు మోచేతుల కన్నా కిందికి జారతాయి, పొట్ట వదులై నడుము కుంగుతుంది. బరువంతా భుజం ముందు భాగం మీదా, వెనక్కి మడిచిన మణికట్టు మీదా పడుతుంది. అప్పుడు ఒళ్లు వేడిగా ఉంటుంది కాబట్టి తెలియదు. మర్నాడు జడ వేసుకోబోతే చెయ్యి పైకి లేవదు. తెలిసిన టీచరైతే 27 చొప్పున నాలుగు విడతలు చేసి మధ్యలో విశ్రాంతి ఇస్తారు, మోకాళ్లు నేలకి ఆనించి చేసే పద్ధతి మొదట్లోనే చూపిస్తారు. ఫోన్‌లో ఒక్క ప్రశ్న వెయ్యండి: "27 దగ్గర ఆపేయొచ్చా?" "సంకల్పం ఉంటే అందరూ పూర్తి చేస్తారండీ" అన్నారంటే అక్కడితో ఆ రిట్రీట్ సంగతి మర్చిపోండి.

దీనికి తోడు కొన్నిచోట్ల "డిటాక్స్" పేరుతో పొద్దున్న ఉత్త జ్యూస్ ఇచ్చి ఎండలో చేయిస్తారు. ఇది అన్నిటికన్నా ప్రమాదం. నీళ్లు, ఉప్పు తగ్గిన ఒంటితో అలవాటుకి మించి శ్రమ పడితే కండరాలు దెబ్బతిని వాటిలోని పదార్థాలు రక్తంలో కలుస్తాయి, కిడ్నీల మీద భారం పడుతుంది. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో మూత్రం కోలా రంగులో వస్తే "ఒళ్లు నొప్పులేలే" అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

బుకింగ్ అప్పుడే ఆరోగ్య వివరాలు అడగాలి. గర్భం, బీపీ, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), డిస్క్ సమస్య అడగకుండా డబ్బు తీసుకున్నారంటే శీర్షాసనం, కపాలభాతి (పొట్ట లోపలికి లాగుతూ వేగంగా ఊపిరి వదలడం) అందరితో ఒకేలా చేయించేస్తారనే అనుమానించాలి. గర్భిణులకు కపాలభాతి కూడదు, గ్లాకోమా ఉన్నవాళ్లు తలకిందులయ్యే ఆసనాలు వెయ్యకూడదు.

"యోగా అలయన్స్ సర్టిఫైడ్" అన్న మాటకి పడిపోకండి. అది యోగా టీచర్ల పేర్లు నమోదు చేసుకునే అమెరికా సంస్థ. టీచర్ పేరు పక్కన కనిపించే ఆర్‌వైటీ 200 అంటే 200 గంటల శిక్షణ పూర్తిచేసి అక్కడ పేరు నమోదు చేయించుకున్నారని మాత్రమే. పోస్టర్ మీద బొమ్మ ఉన్న టీచర్ ఎన్ని క్లాసులు తీసుకుంటారో కూడా అడగండి. చాలాసార్లు ప్రారంభం రోజు కనిపించి వెళ్లిపోతారు.

"మహిళలకు మాత్రమే" అన్నది వచ్చేవాళ్లకే వర్తిస్తుందా, ఫొటోగ్రాఫర్‌కీ డప్పు వాయించేవాళ్లకీ కూడానా? మీరు సంతకం చేసే కాగితంలో ఫొటోలు, వీడియోలు ప్రచారానికి వాడుకుంటామనే వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ వాక్యం కొట్టేసి, పక్కన పొడి సంతకం పెట్టి, కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

హాలు కొలత అడగడానికి మొహమాటపడకండి. మ్యాట్ ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. చేతులు చాపడానికి మనిషికి ఏడడుగులు, మూడడుగులు కావాలి. 20 మందికి మ్యాట్లకే 420 చదరపు అడుగులు. అంత హాలుకే 40 మంది దగ్గర డబ్బు తీసుకుంటే, పట్టనివాళ్లని పచ్చిక మీదికి పంపుతారు. తెల్లవారుజామున తడికి మ్యాట్ జారుతుంది.

చివరగా రిఫండ్. "డబ్బు వాపసు లేదు, వచ్చే రిట్రీట్‌కి సర్దుబాటు చేస్తాం" అని రాస్తే ఒక్క క్షణం ఆలోచించండి: వేసవి అయనాంతం మళ్లీ వచ్చేది ఏడాదికి. ఆ సర్దుబాటు వేరే నెలలో జరిగే రిట్రీట్లకి కూడా చెల్లుతుందా, ఎంతకాలం చెల్లుతుంది, మీ బదులు ఇంకొకరిని పంపొచ్చా అన్నవి మెసేజ్‌లో రాయించుకోండి. వ్యక్తిగత ఖాతాకి పూర్తి మొత్తం ముందే వేయమంటే వేయకండి. రసీదు ఇచ్చేచోట, అదీ కార్డుతో కడితే తర్వాత బ్యాంకుని అడిగే దారి ఉంటుంది.